తోమిన రూపాయి

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, పాత నాణేల గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడాలె, నువ్వే సరైన మనిషివి" అన్నాడు. సరైన మనిషిని అవునో కాదో చివరికి మీరే చెప్పాలి. బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను, అందులో సగం క్యాష్ కౌంటర్‌లో. నాణేలు పోగుచేసే పిచ్చి ఉంది. ఇంతకుమించి అర్హత లేదు. నేను ఒప్పుకున్నది మాత్రం ఒక డబ్బా కోసం.

మన సోషల్ సారు బిస్కెట్ డబ్బా గుర్తుందా? మొగలుల పాఠం వచ్చినా, కంపెనీ పాలన వచ్చినా ఆ డబ్బా క్లాసులోకి వచ్చేది. సారు పోయి పదకొండేళ్లు. వారి అమ్మాయి, మనందరికీ అక్క, ఈ ఉత్సవాల సందర్భంగా ఆ డబ్బాను సంఘానికి ఇచ్చారు. "బడిలో పెట్టుకుంటారో, అమ్మి పిల్లల బహుమతి నిధిలో వేసుకుంటారో మీ ఇష్టం" అన్నారు. కమిటీ సమావేశంలో డబ్బా మూత తీస్తే నలభై మూడు నాణేలు. వెంటనే రెండు మాటలు వినపడ్డాయి. ఒకరు "ఎంతొస్తది?" అన్నారు. ఇంకొకరు "ఇంత నల్లగున్నయేంది, ముందు తోమిద్దాం" అన్నారు. రెండో మాట వినగానే నేను డబ్బా మీద చెయ్యి పెట్టేశాను. ఎందుకు పెట్టానో చెప్పడానికే ఈ ఇరవై నిమిషాలు.

ముందు ఎంతొస్తది అన్న దాని సంగతి చూద్దాం. బ్యాంకులో చినిగిన నోటు తెస్తే మాకు చిక్కు లేదు. స్కేలు పెట్టి కొలుస్తాం. యాభై రూపాయలు, ఆ పై నోట్లలో ఒకే ముక్కగా 80 శాతానికి మించి ఉంటే పూర్తి విలువ, 40 నుంచి 80 శాతం ఉంటే సగం, అంతకన్నా తక్కువైతే దండం పెట్టి పంపడమే. పాత నాణేనికి అలాంటి స్కేలు లేదు. గోరంత గీత పడిన నాణెం సగం ధరకు పడిపోవచ్చు. అర మిల్లీమీటరు అరిగిపోయిన నాణేన్ని ఇద్దరు పోటీపడి కొనవచ్చు. దెబ్బ ఎంత పెద్దదన్న దానికంటే, ఏ నాణేనికి, ఎక్కడ, ఎవరి చేతుల్లో తగిలిందన్నదే ఎక్కువ లెక్కకు వస్తుంది.

కొన్ని నాణేలకు కింద ఒక నేల ఉంటుంది. అంతకు దిగువకు పడవు. బ్రిటిష్ వాళ్ల వెండి రూపాయి తూకం ఒక తులం, అంటే 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. లెక్కేస్తే పదిన్నర గ్రాములకు పైగా స్వచ్ఛమైన వెండి. అందుకే ఐదో జార్జి బొమ్మ ఉన్న మామూలు రూపాయిని రోట్లో వేసి దంచినా వెండి ధర వస్తుంది. 1940 నుంచి యుద్ధం పేరు చెప్పి వెండిని సగానికి తగ్గించారు. 1947 రూపాయి వచ్చేసరికి వెండే లేదు, అంతా నికెల్. వెనక పులి బొమ్మ ఉంటుంది, చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఆ నాణేనికి దెబ్బ తగిలితే పట్టుకోవడానికి కింద నేల లేదు. అలాంటివాటికి రూపమే ఆస్తి.

మన హాలీ సిక్కా సంగతి పెద్దలకు చెప్పక్కర్లేదు. బ్రిటిష్ రూపాయిని మన తాతలు కల్దార్ అనేవారు. ఆరు కల్దార్‌లకు ఏడు హాలీలు మారకం. నిజాం రూపాయి కొంచెం చిన్నది, వెండి కూడా కొంచెం తక్కువ. చార్మినార్ బొమ్మ ఉంటుంది కదా, ఆ ద్వారంలో ఒక చిన్న అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ కాలంలో మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఐన్. నాణెం తిరిగి తిరిగి ఆ ద్వారం దగ్గర అరిగితే, ఏ నవాబుదో చెప్పడానికి హిజ్రీ సంవత్సరం వెతుక్కోవాలి. అదీ అరిగితే ఇక వెండి ధరే. నాణెం మీద ప్రతి చోటు సమానం కాదని చెప్పడానికే ఈ ఉదాహరణ. పొలంలో ఇంకెక్కడ గొయ్యి పడ్డా పర్వాలేదు, బావి గట్టున పడకూడదు.

విక్టోరియా రాణి 1862 రూపాయి ఇంకా తమాషా. దాని మీద 1862 అని ఉన్నంత మాత్రాన ఆ ఏడే కొట్టారని కాదు. 1874లో గానీ మళ్లీ సంవత్సరం మార్చలేదు. పన్నెండేళ్లు అదే అచ్చు సంవత్సరం. మధ్యలో కొట్టినవాటిని వేరు చెయ్యడానికి సన్నటి చుక్కలు వేశారు. ఆ చుక్కల అమరికను బట్టే ఏది మామూలుదో, ఏది అరుదైనదో పట్టుకుంటారు. ఆవగింజలో సగం కూడా ఉండని ఆ చుక్క మీద గీత పడితే నాణెం పేరే మారిపోతుంది.

ఇప్పుడు చిల్లుల సంగతి. సారు డబ్బాలో ఆరు నాణేలకు చిల్లులున్నాయి. మన ఆడవాళ్లు కాసులపేరు వేసుకునే దేశంలో ఇది తప్పదు. చంటిపిల్లల మొలతాడుకు, దిష్టి తగలకుండా మెడలోకి, ఎద్దుల మెడ పట్టీకి, అన్నిటికీ నాణెమే. ఇది నిన్న మొన్నటి అలవాటు కాదు. దక్షిణాదిలో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో చక్రవర్తి తల పైన పక్కపక్కనే రెండు చిల్లులు పెట్టినవి ఉన్నాయి. బొమ్మ నిటారుగా వేలాడాలని రెండు! రెండు వేల ఏళ్ల కిందటి కంసాలి ఎంత శ్రద్ధగా ఆలోచించాడో చూడండి. అలాగే మన నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేలు పదిహేను వందలకు పైగా దొరికాయి. దక్షిణాదిలో దొరికిన ఈ రకం నాణేల్లో కొన్నిటికి చక్రవర్తి ముఖం మీదుగా ఉలితో కొట్టిన గాటు ఉంటుంది. లోపలి లోహాన్ని చూడటానికే అని కొందరు, మళ్లీ డబ్బుగా చెలామణి కాకుండా కొట్టారని కొందరు పండితులు అంటారు. ఆ గాటును దెబ్బ అనడానికి నాకు నోరు రాదు. అది మన నేల మీద ఆ నాణేనికి జరిగిన రెండో పుట్టుక.

అయితే మార్కెట్ ఇంత సెంటిమెంటు చూడదు. ఐదో జార్జి రూపాయికి చిల్లు పడితే అది వెండి ముక్క, అంతే. చిల్లుతో పోయిన పిసరు వెండి కూడా తూకంలో తగ్గుతుంది. అరుదైన నాణెమైతే మాత్రం, చిల్లున్నా కొనేవాడుంటాడు. చిల్లు లేనిది తన జన్మలో కొనలేనని తెలిసినవాడు.

చిల్లుకన్నా చెడ్డది చిల్లు పూడ్చడం. వెండి పోసి, గీతలు చెక్కి, ఏమీ జరగనట్టు చేస్తారు. భూతద్దం పెడితే పూడ్చిన చోట అక్షరం నడక మారిపోతుంది, అంచు మీది గీతల వరస తప్పుతుంది. కనిపించే దెబ్బను కొనేవాడు క్షమిస్తాడు. దాచిన దెబ్బ బయటపడితే, మీ దగ్గరున్న మిగతా నాణేలను కూడా అనుమానంగా చూస్తాడు. కొక్కెం అతికించి తీసేసినవాటికీ ఇదే గతి. అంచు మీద టాంకం మచ్చ మిగిలిపోతుంది.

ఒక చిల్లు మాత్రం దోషం కాదు. 1943 నుంచి 1947 దాకా వచ్చిన చిల్లు కానీ. యుద్ధ కాలంలో లోహం మిగల్చడానికి సర్కారే మధ్యలో చిల్లు పెట్టి అచ్చు వేసింది. మొన్న ఒక కుర్రాడు నాకు ఫోటో పంపి, "అంకుల్, ఎవరో దీన్ని ఖరాబు చేసిన్రు" అని బాధపడ్డాడు. లేదు నాయనా, అది పుట్టడమే అట్లా పుట్టింది అన్నాను.

షరాబు ముద్రల గురించి ఒక్క మాట. పాత రూపాయల మీద చిన్న చిన్న నక్షత్రాలు, పూలు, అడ్డగీతలు కొట్టి ఉంటాయి. లోపల రాగి పెట్టి పైన వెండి పూత పూశారా అని షరాబు పరీక్ష చేసి, "ఇది నేను చూశాను" అని కొట్టిన గుర్తు. నాణెం అందం చెడినా, ఒకటీ అరా గుర్తులుంటే నేను మాత్రం సంతోషంగా కొంటాను. ముఖం నిండా కొట్టి ఉంటే మాత్రం వద్దు. అందరు కలెక్టర్లూ నాలా ఉండరు. ధర తగ్గుతుందనే చెప్పాలి.

ఇక తోమడం. ఇక్కడ నా సొంత కథ చెప్పుకోవాలి.

1974. తొమ్మిదో తరగతి. బడిలో ఎగ్జిబిషన్. నాణేలను అట్ట మీద వరసగా పెట్టే పని సారు నాకిచ్చారు. డబ్బా ఇంటికి తీసుకుపోయాను. అందులో బటర్ పేపర్లో చుట్టిన 1911 రూపాయి ఒకటి. దాని కథ సారు చెప్పగా మీలో చాలామంది వినే ఉంటారు. ఐదో జార్జి రాజు వేసుకున్న హారంలో చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. చెక్కినవాడు దాని తొండాన్ని అంత పొట్టిగా చెక్కాడంటే, జనానికి అది పందిలా కనిపించింది. హిందువులకూ ముస్లింలకూ ఇద్దరికీ అభ్యంతరమే. గోల జరిగింది. సర్కారు ఆ రూపాయల పంపిణీ ఆపి, చేతిలో ఉన్నవాటిని కరిగించి, 1912లో ఏనుగు తొండం సరిచేసి మళ్లీ కొట్టింది. అప్పటికే జనంలోకి పోయినవే మిగిలాయి. అందుకే దానికి పంది రూపాయి అని పేరు, అందుకే గిరాకీ.

సారు దగ్గరున్న ఆ రూపాయి పెద్దగా తిరగలేదు. నల్లగా అయ్యింది, కానీ ఆ నలుపు బొగ్గు నలుపు కాదు. మధ్యలో బూడిద రంగు, అంచుకు పోతున్నకొద్దీ నీలం, కొంచెం ఊదా. వంచి చూస్తే లోపలి నుంచి వెలుగు గుండ్రంగా తిరిగేది. నాకు అదంతా మురికిలా కనిపించింది. మా నాయనమ్మ పెరట్లో ఇత్తడి చెంబులు తోముతోంది. చింతపండు ఉంది, బూడిద ఉంది, కొబ్బరి పీచు ఉంది. ఇంకేం కావాలి? పావుగంట తోమాను. తళతళలాడింది. నాయనమ్మ కూడా "శానా మంచిగైంది బిడ్డా" అంది.

అప్పుడు ఏం జరిగిందో నాకు తెలియడానికి ఇరవై ఏళ్లు పట్టింది. టంకశాలలో అచ్చు దెబ్బ పడినప్పుడు లోహం మధ్య నుంచి అంచుకు పారుతుంది. ఆ పారిన సన్నని గీతలు, కంటికి కనపడనంత సన్నవి, వెలుగును పట్టి తిప్పుతాయి. కొత్త నాణేనికి ఆ జీవకళ అక్కడి నుంచే వస్తుంది. పైన కట్టిన నలుపు, గాలిలోని గంధకంతో వెండి కలిసి ఏర్పడిన పలచటి పొర. దశాబ్దాల పాటు నిదానంగా కట్టిన ఆ పొర కింద కళ భద్రంగా ఉంటుంది. చింతపండు పులుపు పొరను తీసింది. బూడిద, పీచు కలిసి కింద ఉన్న గీతలను గీకేశాయి. బూడిదలో ఇసుకలాంటి పదార్థం ఉంటుంది కదా, చెంబుకు అది మేలు, నాణేనికి ఆకురాయి. మిగిలింది గిన్నె మెరుపు. వెలుగు తిరగదు, ఒక్కచోట నిలబడి కళ్లలో పడుతుంది. వంచి చూస్తే వేల వెంట్రుక గీతలు. ఆ నాణేన్ని మళ్లీ వందేళ్లు పెట్టినా నలుపు వస్తుంది గానీ, ఆ గీతలు పోవు.

మరునాడు సారుకిచ్చాను, శభాష్ అంటారని. సారు కిటికీ దగ్గరికి పోయి, రూపాయిని అటూ ఇటూ వంచి చూశారు. చాలాసేపు చూశారు.

"ఎన్నిటిని తోమినవు రా?"

"ఇదొక్కటే సార్. పొద్దువోయింది. మిగిలినయి ఇయ్యాల తోముత."

"వద్దు. మిగిలినయి అట్లనే ఉండనీ."

అంతే. తిట్టలేదు, కొట్టలేదు. లెక్క తప్పినందుకే బెత్తం తీసే మనిషి! ఆ రూపాయిని అట్ట మధ్యలో పెట్టించారు కూడా. చూడవచ్చినవాళ్లందరూ దాన్నే మెచ్చుకున్నారు. నేను చాలా ఏళ్లు గర్వపడ్డాను.

1994లో హైదరాబాదులో ఒక నాణేల వ్యాపారి దగ్గర నా సొంత రూపాయి ఒకటి పెట్టాను. అది కూడా నేను ముద్దుగా తోమిందే, ఈసారి వెండి పాలిష్‌తో. ఆయన భూతద్దం తియ్యకముందే "తోమిన్రు" అని పక్కన పెట్టేశాడు. ఎట్లా తెలిసిందని అడిగితే, చెప్పలేదు, పక్కన ఇంకో రూపాయి పెట్టి రెండిటినీ వంచి చూపించాడు. ఆ క్షణంలో నాకు కిటికీ దగ్గర నిలబడ్డ సారు కనిపించారు.

అమెరికాలో నాణేలను పరీక్షించి గ్రేడు ఇచ్చే కంపెనీలున్నాయి. ఒకటి నుంచి డెబ్బై దాకా అంకె వేస్తాయి. నాణెం ఎంత బాగున్నా, కఠినంగా తోమినది అయితే అంకె వెయ్యవు. ఫలానా స్థాయి వివరాలు ఉన్నాయి, తోమబడినది అని రాసిస్తాయి. చిల్లు, గీత, నగ నుంచి తీసినది, ఇవన్నీ అదే తీరు. ఒకసారి ఆ మాట పడితే చాలామంది కొనుగోలుదారులు చేతిలోకి కూడా తీసుకోరు.

మరి మురికిని అట్లాగే ఉంచాలా అని అడుగుతారు. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రుద్దకుండా, మెత్తటి బట్ట మీద ఆరబెట్టండి. దానికి మించి చెయ్యి పెట్టకండి. రాగి నాణెం మీద గట్టి ఆకుపచ్చ పొర ఉంటే అది దాని చర్మం, ఉండనివ్వండి. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం అది జబ్బు. పక్క నాణేల నుంచి వెంటనే వేరు చేసి తేమ లేని చోట పెట్టండి. శాతవాహనుల సీసపు నాణేలకు చెక్క పెట్టె పనికిరాదు. కొన్ని చెక్కల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లపొడిగా మారిపోతుంది. రెండు వేల ఏళ్లు మట్టిలో బతికినది మన బీరువాలో చచ్చిపోతుంది.

ప్లాస్టిక్ ఆల్బంల విషయం కూడా నా ఖాతాలోదే. మెత్తటి, వాసన వేసే ప్లాస్టిక్ జేబుల్లో రాగి అణాలు పెట్టి అటక మీద పడేశాను. నాలుగు వేసవులు దాటాక చూస్తే జిగురుజిగురుగా ఆకుపచ్చ పట్టింది. అసిటోన్‌తో కొన్నిటిని కాపాడుకున్నాను, కొన్నిటికి అప్పటికే గుంటలు పడ్డాయి. నా శ్రీమతి "దొంగల భయం అనుకున్నా, మీ భయమే ఎక్కువుంది వాటికి" అంది.

తేడాగా ఉన్న ప్రతిదీ దెబ్బ కాదు. టంకశాలలోనే తప్పు జరిగి బొమ్మ పక్కకు జరిగినా, ముందు నాణెం ఇరుక్కుని బొమ్మ తిరగబడి లోతుగా పడినా, అలాంటివాటికి ధర పెరుగుతుంది. అందుకే రెండు నాణేలను బిగింపులో పెట్టి నొక్కి అలాంటివి తయారుచేసే ఘనులూ ఉన్నారు. 1939 వెండి రూపాయి చాలా అరుదు కాబట్టి, 1938లో ఎనిమిదిని తొమ్మిదిగా చెక్కినవారూ ఉన్నారు. ఫోనుల్లో "ఈ అయిదు రూపాయల బిళ్ల మీ దగ్గరుంటే లక్షలు" అని వచ్చే సందేశాలను నమ్మకండి. కమిషన్ ముందే కట్టమంటే అది మోసమే. రిజర్వ్ బ్యాంకు కూడా 2021లో తన పేరు చెప్పుకుని జరుగుతున్న ఈ దందా మీద హెచ్చరిక ఇచ్చింది. విదేశాల నుంచి వచ్చిన మిత్రులకు ఇంకొకటి. వందేళ్లు దాటిన నాణెం చట్టం లెక్కలో పురావస్తువు. తాతగారి గుర్తు అని సూట్‌కేసులో వేసుకుని పోతే విమానాశ్రయంలో ఇబ్బంది పడతారు.

మళ్లీ మన డబ్బా దగ్గరికి వస్తాను. నలభై మూడింటిలో ముప్పైకి పైగా మామూలు నాణేలు. అమ్మినా లోహం ధరకు కాస్త అటూ ఇటూ. చార్మినార్ రూపాయిల్లో రెండు చక్కగా ఉన్నాయి. అప్పుడు పొద్దువోయింది కాబట్టి బతికిపోయినవి. నిజంగా ఆసక్తితో కొనదగినది ఆ 1911 రూపాయి. దానికి రావలసిన ధరలో సగం కూడా రాదని నేను కమిటీకి రాతపూర్వకంగా ఇచ్చాను. కారణం తోమడం అని రాశాను, తోమింది ఎవరో రాయలేదు. ఇప్పుడు మైకులో చెబుతున్నాను. తగ్గిన ఆ మొత్తం ఎంతని నా అంచనాకు వచ్చిందో అంతా నిన్న బహుమతి నిధికి కట్టి రసీదు తీసుకున్నాను. రూపాయి అమ్మవద్దని మాత్రం అడిగాను. కమిటీ ఆలోచిస్తామంది.

సారు ప్రతి నాణేనికీ ఒక చీటీ రాసి పెట్టుకున్నారు. సంవత్సరం, ఎక్కడ దొరికింది, స్థితి. 1911 రూపాయి చీటీ మీద ఒక సిరాతో "అతి చక్కనిది" అని ఉంది. దాన్ని ఒక్క గీతతో కొట్టేసి, కింద ఇంకో సిరాతో "తోమబడినది, 1974" అని రాశారు. ఎవరు తోమారో రాయలేదు. చీటీ వెనక్కి తిప్పి కూడా చూశాను, లేదు.

సాయంత్రం నాలుగింటి వరకు పదో తరగతి బి సెక్షన్ గదిలో నాణేలు ఉంటాయి. అంచులు పట్టుకుని చూడండి, చేతికి చెమట ఉంటే అక్కడ నూలు గ్లవుజులు పెట్టాం. కిటికీ పక్క బల్ల మీద ఆ రూపాయిని, ఒక చార్మినార్ రూపాయిని పక్కపక్కన పెట్టాను. రెండిటినీ వంచి చూడండి. సారు చీటీ అక్కడే ఉంది. దాని పక్కన ఇంకో చీటీ మీద నా పేరు, రోల్ నంబరు రాసి పెట్టాను.